జొన్నాడ వంతెన మీద మిస్సింగ్, నాన్నగారి యాక్సా బ్లేడు

రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేసరికి ముందు ఒక లారీ మెల్లగా పోతోంది. నాలుగో గేరులోనే ఉంచి కాలు బాగా నొక్కాను. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర, టర్బో గట్టిగా అందుకునే చోట, కారుని ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టయింది. అందుకుంది, మళ్లీ ఆగింది, మళ్లీ అందుకుంది. మీటర్లో ఇంజను లైటు ఆగి ఆగి వెలుగుతోంది. కింద గౌతమి నిండుగా ఉంది గానీ ఆ పూట దాన్ని చూసే మనసు లేదు.

ఇంజను లైటు నిలకడగా వెలిగితే ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చు. ఆగి ఆగి వెలుగుతోందంటే మాత్రం ఇంజను మిస్సింగ్ కొడుతోందని, అంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగ్గా అంటుకోవట్లేదని, ఆ కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తోందని అర్థం. అప్పుడు కాలు తియ్యాల్సిందే. మిగతా దారంతా కాలు ఆనించీ ఆనించనట్టు నడిపి, వేమగిరి దగ్గర పక్కకి ఆపాను.

నా కారు 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. మూడు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, కంపెనీ లెక్కలో 110 పీఎస్, 175 ఎన్‌ఎం. ఈ సంగతి జరగడానికి మూడు వారాల ముందే స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజను బలం పెరిగేలా దాని కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్పించాను. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాను. చేసినవాళ్ల లెక్క ప్రకారం ముప్ఫై హార్స్‌పవర్ దాకా పెరిగింది. నడిపితే ఆ తేడా నిజంగానే తెలుస్తోంది. సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గులు మాత్రం కారుతో వచ్చినవే, 42,000 కిలోమీటర్లు తిరిగినవి. రీమ్యాప్ రోజున వాటి గురించి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఇంజను తప్పుల కోడ్‌లు చదివే, ఫోనుకి కలిపే ఓబీడీ డాంగిల్ ఎప్పుడూ కార్లోనే ఉంటుంది. చూస్తే కోడ్ పీ0302, అంటే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్. ఇక్కడ చాలామంది నేరుగా ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ కొత్తది కొనేస్తారు. దానికంటే ముందు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజను చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోది తీసి రెండోదానికి పెట్టాలి. కోడ్ చెరిపేసి మళ్లీ నడపాలి. కోడ్ పీ0301కి మారితే తప్పు కాయిల్‌ది. రెండో సిలిండర్లోనే ఉండిపోతే ప్లగ్గుని అనుమానించాలి. నాకు పీ0302 దగ్గరే ఉండిపోయింది.

రీమ్యాప్ చేసిన షాపుకి ఫోన్ చేస్తే, "అది మామూలేనండీ, రెండు స్టెప్పులు కోల్డ్ ప్లగ్గులు వేసేయండి, మేం పంపిస్తాం" అన్నారు. పంపించారు. వేయించాను. వంతెన మీద అదే గేరులో అదే చోట కాలు నొక్కి చూశాను. మిస్సింగ్ లేదు. కోల్డ్ ప్లగ్గే మందు అని నమ్మేశాను. నా దగ్గర కారు మాడ్స్ గురించి అడిగినవాళ్లకి ఇద్దరికి అదే చెప్పాను కూడా. అందుకే ఇప్పుడు ఇదంతా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ సలహా తప్పు.

నాకు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఇల్లు అమలాపురం. రోజూ పొద్దున్న వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే చిన్న దూరం. కాలవ గట్టు రోడ్డు, ఎదురుగా కొబ్బరికాయల లోడ్లు, పక్కన సైకిళ్లు, మూడో గేరు దాటే అవసరం ఎప్పుడో గానీ రాదు. వారానికి ఒక్కసారి రాజమండ్రి వెళ్తే రావులపాలెం నుంచి జాతీయ రహదారి మీద కారు కాస్త ఒళ్లు విరుచుకుంటుంది. అంటే నేను నడిపే దాంట్లో ఎక్కువ భాగం టర్బోకి పనే ఉండదు.

కోల్డ్ ప్లగ్గులు వేసిన ఐదు వారాలకి పొద్దున్న స్టార్ట్ చేస్తే ఇంజను వణకడం మొదలైంది. ఒక నిమిషం వణికి సర్దుకునేది. తర్వాత ఆ నిమిషం రెండు నిమిషాలైంది. ఒకరోజు వాన కురుస్తుంటే అంబాజీపేట సెంటర్లో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు కూడా వణికింది. నాకు టెన్షన్ పట్టుకుంది. రీమ్యాప్ వల్ల ఇంజనుకి ఏదైనా అయిందేమో అనుకున్నాను.

ఆదివారం మూడు ప్లగ్గులూ విప్పి వరండాలో పేపరు మీద సిలిండర్ వరసలో పెట్టాను. నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చి చూశాను. మొన దగ్గరి పింగాణీ తెల్లగానో లేత ఇటుక రంగులోనో ఉండాలి. నా మూడూ నల్లగా ఉన్నాయి. నూనె తడి లేదు. వేలితో రాస్తే దీపం చిమ్నీకి పట్టిన మసిలాగా పొడిగా అంటుకుంది. ఆ మసి పింగాణీ అంచు నుంచి లోపల ఇనుప గోడ దాకా ఎక్కడా తెగకుండా పాకి ఉంది. జబ్బంతా అక్కడే ఉంది. మసి అంటే కార్బన్, దాంట్లోంచి కరెంటు పోతుంది. కాయిల్ పంపిన కరెంటు ప్లగ్గు రెండు మొనల మధ్య గ్యాప్ దూకి నిప్పురవ్వ అవ్వడం మానేసి, సులువైన దారి దొరికింది కదా అని మసి మీదుగా బాడీకి దిగిపోతుంది. అందుకే ఆ వణుకు.

ప్లగ్గు ఎంత కోల్డో, ఎంత హాటో చెప్పే హీట్ రేంజ్ అంటే ఏమిటో నాకు అప్పుడే సరిగ్గా తలకెక్కింది. మన డెల్టాలో మురుగు కాలవ పక్కనే ఉన్న చేను వాన నీటిని పూటలో దింపేసుకుంటుంది. కాలవకి దూరంగా ఉన్న చేలో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. ప్లగ్గులో వేడి కూడా అంతే. మొనకి తగిలిన వేడి పింగాణీ ముక్కు మీదుగా నడిచి, ఇనుప బాడీకి చేరి, అక్కడి నుంచి సిలిండర్ హెడ్‌లోకి, కూలెంట్‌లోకి దిగాలి. ముక్కు పొట్టిగా ఉంటే వేడి గబుక్కున దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి మొన దగ్గరే నిలుస్తుంది. అది హాట్ ప్లగ్గు. నిప్పురవ్వ బలానికీ ఈ మాటకీ సంబంధం లేదు.

మొన దగ్గర వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే పట్టిన మసి దానంతట అది కాలిపోతుంది. 850 దాటి పైకి పోతే మొనే నిప్పుకణికలా తయారై, రవ్వ పడకముందే పెట్రోలుని అంటిస్తుంది. దాన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు, పిస్టన్ని కరిగించే రోగం అది. ప్లగ్గు ఈ రెండు గట్ల మధ్య ఉండాలి. ప్లగ్గులు తయారుచేసే ఎన్‌జీకే వాళ్లు చెప్పే లెక్కలో హీట్ రేంజ్ ఒక్క స్టెప్పు మారితే మొన వేడి 70 నుంచి 100 డిగ్రీలు తేడా వస్తుంది. రెండు స్టెప్పులంటే దాదాపు 140 నుంచి 200. హైవే మీద కాలు నొక్కి నడిపేవాడికి ఆ తగ్గింపు పనికొస్తుంది. అంబాజీపేట రోడ్డులో పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే నా ఇంజనులో ప్లగ్గు ఆ 450 దాకా ఎక్కనే లేదు.

అదే ఎన్‌జీకే ఇంకో లెక్క చెబుతుంది. ఇంజను బలం 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక స్టెప్పు కోల్డ్‌కి వెళ్లమని. నాకు పెరిగింది ముప్ఫై. ఆ లెక్కన రెండు స్టెప్పులు కాదు కదా, ఒక స్టెప్పు కూడా తప్పనిసరి కాదు.

మరి రెండు స్టెప్పుల ప్లగ్గులు వెయ్యగానే వంతెన మీద మిస్సింగ్ ఎందుకు పోయింది? ఇది నన్ను రెండు రోజులు తినేసింది. తేల్చింది నాన్నగారు.

ఆయనకి ఒకప్పుడు బజాజ్ చేతక్ ఉండేది, టూ స్ట్రోక్‌ది. డిక్కీలో గుడ్డలో చుట్టిన స్పేర్ ప్లగ్గు, ఉప్పు కాగితం ముక్క, ఇనుము కోసే యాక్సా బ్లేడు విరిగిన ముక్క ఎప్పుడూ ఉండేవి. ముక్తేశ్వరం రేవులో పంటు కోసం ఆగినప్పుడు ప్లగ్గు విప్పి, మసి గీకి, బ్లేడు దూర్చి గ్యాప్ చూసుకోవడం నా చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, నేను తీసిన మూడు ప్లగ్గులూ, పెట్టెలో దాచిన పాత కంపెనీ ప్లగ్గులూ రెండూ చూశారు. లోపలికి వెళ్లి ఎక్కడి నుంచో బ్లేడు ముక్క తెచ్చారు.

"ఒరేయ్, ఇందులో బ్లేడు ఆడుతోంది, ఇందులో అసలు దూరట్లేదు. రెండింటికీ గ్యాప్ ఒకటి కాదు కదరా?"

పాత ప్లగ్గుల్లో బ్లేడు వదులుగా ఊగుతోంది. కొత్తవాటిలో పట్టట్లేదు. మామూలు చేతి యాక్సా బ్లేడు మందం 0.63 మిల్లీమీటర్లు. తర్వాత ఫీలర్ గేజ్ పెట్టి కొలిచాను. పాతవి అరిగి 0.8, 0.9, 0.85. మధ్యలోది, రెండో సిలిండర్‌ది, అన్నింటికంటే ఎక్కువ. షాపువాళ్లు పంపినవి మూడూ 0.6. వంతెన మీద మిస్సింగ్ ఆపింది కోల్డ్ ప్లగ్గు కాదు, తగ్గిన గ్యాప్.

దీని వెనక ఉన్న సూత్రం పాతదే. 1889లో పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. రెండు లోహపు మొనల మధ్య వాయువులోంచి రవ్వ దూకాలంటే ఎంత ఓల్టేజీ కావాలో అన్నది ఆ వాయువు ఒత్తిడినీ, మధ్య దూరాన్నీ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. టర్బో ఏం చేస్తుంది? గాలిని కుక్కి పంపుతుంది, దాన్నే బూస్ట్ అంటారు. రీమ్యాప్ ఇంకా ఎక్కువ కుక్కుతుంది. సిలిండర్లో ఒత్తిడి పెరిగింది, కాయిల్ మాత్రం పాతదే. అది ఇవ్వగలిగిన ఓల్టేజీకి ఒక హద్దుంది. ఒత్తిడి పెరిగినప్పుడు దూరం తగ్గించకపోతే, బూస్ట్ పూర్తిగా వచ్చే ఆ మూడు వేల ఆర్‌పీఎం దగ్గర రవ్వ దూకలేక ఆరిపోతుంది. ఊళ్లో మెల్లగా నడిపినప్పుడు ఒక్క మిస్సింగ్ కూడా లేకపోవడానికి కారణమూ ఇదే. అక్కడ బూస్ట్ లేదు, ఒత్తిడి లేదు, అరిగిన గ్యాప్ కూడా సరిపోతుంది.

గ్యాప్ మరీ తగ్గించినా నష్టమే. రవ్వ చిన్నదైపోతే ఐడిల్‌లో, అంటే కారు నిలబడి ఇంజను నడుస్తున్నప్పుడు, పెట్రోలు సరిగ్గా అంటుకోదు. నేను 0.65 దగ్గర ఆగాను. మొదట 0.7 పెట్టి చూశాను, బాగానే ఉంది గానీ ఒక ఎండాకాలపు మధ్యాహ్నం ఏసీ వేసి ఐదో గేరులో నొక్కితే ఒకసారి తడబడింది. 0.65లో ఇప్పటిదాకా ఒక్క కోడ్ కూడా రాలేదు. మీ కారుకి ఇదే అంకె అని నేను అనను. ఎక్కువ గ్యాప్ నుంచి మొదలుపెట్టి, బూస్ట్‌లో మిస్సింగ్ ఆగే చోటికి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడమే పద్ధతి.

కాబట్టి చివరికి నేను వేసినవి కంపెనీ హీట్ రేంజే, కొత్త ఇరీడియం ప్లగ్గులు, గ్యాప్ 0.65.

నంబర్ల దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ, అందుకే ఇది కాస్త ఆగి చదవండి. ఎన్‌జీకేలోనూ డెన్సోలోనూ అంకె పెరిగితే ప్లగ్గు కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో సరిగ్గా తలకిందులు, అంకె పెరిగితే హాట్. ఎన్‌జీకే 6కి డెన్సో 20, 7కి 22, 8కి 24 దాదాపు సమానం. ఎన్‌జీకేలో 7 చూసి, బాష్‌లో 8 తీసుకుంటే కోల్డ్‌కి వెళ్తున్నాననుకుని హాట్‌కి పోతారు. టర్బో ఇంజనులో అది ప్రమాదం. ఎన్‌జీకే పేరు మొత్తం చదవడం కూడా కష్టమేం కాదు. ఉదాహరణకి బీకేఆర్7ఈఐఎక్స్ అంటే 14 మిల్లీమీటర్ల మర, 16 స్పానరు, రెసిస్టర్ ఉన్నది, హీట్ రేంజ్ 7, మర పొడవు 19 మిల్లీమీటర్లు, ఇరీడియం. పేరు చివర 11 అని ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు పెట్టి వచ్చిందని. రీమ్యాప్ చేసిన టర్బోలో దాన్ని అలాగే బిగిస్తే నాకు జొన్నాడలో జరిగిందే జరుగుతుంది. మర పొడవు తేడా ఉన్న ప్లగ్గు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. పొడుగైతే పిస్టన్‌కి తగిలే ప్రమాదముంది, పొట్టిదైతే హెడ్‌లో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడుతుంది.

లోహం సంగతి. మన మెకానిక్కులు కాపర్ ప్లగ్గు అనేదాంట్లో రాగి లోపలి గుజ్జు మాత్రమే, మొన నికెల్. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768, ఇరీడియం 2,446. గట్టిది కాబట్టే ఇరీడియం మొనని సన్నగా చెయ్యగలుగుతారు. డెన్సో ఇరీడియం పవర్‌లో అది 0.4 మిల్లీమీటర్లే. సన్నటి మొన నుంచి రవ్వ తక్కువ ఓల్టేజీకే దూకుతుంది. బూస్ట్ పెంచిన ఇంజనుకి కావలసింది అదే. నికెల్ ప్లగ్గులు వేసి తరచూ మార్చుకునేవాళ్లున్నారు, వాళ్లది తప్పనను. చవక, గ్యాప్ సర్దడం సులువు. నాకు మాత్రం సీజన్లో ప్లగ్గు విప్పే తీరిక ఉండదు.

ఇరీడియంలో గ్యాప్ సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ సన్నటి మొన మీద ఏదీ ఆనించి తిప్పకూడదు, విరిగిపోతుంది. నాన్నగారు చేతక్ ప్లగ్గుకి బ్లేడు దూర్చి మెలితిప్పినట్టు ఇక్కడ చెయ్యకూడదు. పైన వంగి ఉండే కొక్కేన్ని మాత్రమే సన్నటి ప్లయర్‌తో కొంచెం వంచి, వైరు గేజ్ మెల్లగా జార్చి చూసుకోవాలి. ఆ కొక్కెం మీదే ఇంకో సమాచారం ఉంటుంది. కొన్నాళ్లు నడిచాక దాని మీద రంగు మారిన గీత పడుతుంది. గీత వంపు దగ్గర, మధ్యలో ఉంటే హీట్ రేంజ్ సరిపోయినట్టు. మొన చివరికే ఆగిపోతే ప్లగ్గు మరీ కోల్డ్, బాడీ దాకా దిగితే మరీ హాట్. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, మెరిసే అల్యూమినియం రవ్వలు కనిపిస్తే మాత్రం కారు తియ్యకండి. అది లోపల నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం, జరుగుతోందన్న గుర్తు. అది ప్లగ్గు మార్చితే పోదు, మ్యాప్ సరిచేయించాలి.

బిగించడం గురించి. ఇంజను పూర్తిగా చల్లారాలి. హెడ్ అల్యూమినియంది, వేడి మీద విప్పితే మర లేచి వచ్చేస్తుంది. విప్పే ముందు ఆ గుంటలో గాలి కొట్టించాలి. నా కారులో ప్లగ్గు గుంటల చుట్టూ కొబ్బరి పొట్టు చేరి ఉంటుంది, షెడ్డు ముందే ఆపుతాను కాబట్టి. అది సిలిండర్లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొత్త ప్లగ్గుని ముందు చేత్తో తిప్పాలి, చివరి దాకా చేత్తోనే దిగాలి. తర్వాత టార్క్ రెంచి. 14 మిల్లీమీటర్ల మర అయితే అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 ఎన్‌ఎం, 12 అయితే 15 నుంచి 20. మరలకి గ్రీజు రాయడం మన దగ్గర అలవాటు. ఎన్‌జీకే వద్దంటుంది. మరల మీద ఇప్పటికే పూత ఉంటుంది, పైన గ్రీజు రాస్తే రెంచి చూపించే దానికంటే ఎక్కువ బిగిసిపోయి మర సాగుతుంది.

ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్న మాట ఇంకొకటుంది. కొబ్బరి లారీ వెనక నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎంలో పోతూ, ఖాళీ దొరకగానే గేరు మార్చకుండా కాలు నొక్కేస్తాం చూడండి, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకి అంతకు మించిన శత్రువు లేదు. తక్కువ స్పీడులో ఎక్కువ బరువు పడితే రవ్వ కంటే ముందే అంటుకునే జబ్బు ఈ ఇంజన్లకి ప్రత్యేకంగా ఉంది. దానికి ఇంజనాయిలు కూడా కారణమే. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజనాయిలు గ్రేడులో దీనికోసమే పరీక్ష ఉంది. గేరు దించండి, డబ్బా మీద ఎస్‌పీ ఉన్న ఆయిలు పోయండి. కోల్డ్ ప్లగ్గు వేశాం కదా అన్న ధీమాతో మాత్రం నొక్కకండి.

మరి కోల్డ్ ప్లగ్గు ఎవరికి? పెద్ద టర్బో వేసినవాళ్లకి, బలం నిజంగానే డెబ్బై, ఎనభై పెంచినవాళ్లకి, ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లకి. భీమవరం నుంచి వారంవారం రాత్రిపూట హైదరాబాద్ గట్టిగా తోలుకెళ్లే మా బావమరిదికి ఒక స్టెప్పు కోల్డ్ వేసుకోమని నేనే చెప్పాను. వాడి ప్లగ్గులు విప్పితే లేత ఇటుక రంగు. అవే ప్లగ్గులు నా కారుకి వేస్తే నెలకే నల్లబడతాయి. ఇంజను ఒకటే, మ్యాపూ దాదాపు ఒకటే, రోడ్డు వేరు.

నేను కంపెనీ హీట్ రేంజ్‌కి తిరిగొచ్చి 8,000 కిలోమీటర్లు దాటింది. పోయిన వారం విప్పి చూశాను. మూడూ ఒకే రంగు, కొక్కెం మీద గీత సరిగ్గా వంపులో, గ్యాప్ 0.65 నుంచి కదల్లేదు. నాన్నగారు భూతద్దం పెట్టి చూసి, బ్లేడు జార్చి చూసి, "ఆయ్, ఇప్పుడు బాగుంది" అన్నారు.

వచ్చే ఆదివారం పాలకొల్లు నుంచి ఒక స్నేహితుడు చించినాడ వంతెన దాటి వస్తున్నాడు. నేను మొదట్లో రెండు స్టెప్పులు కోల్డ్ వెయ్యమని తప్పు చెప్పిన ఇద్దరిలో ఒకడు. పొద్దున్న స్టార్టింగులో వణుకు మొదలైందట. ప్లగ్గులు ముందే విప్పి తుడవొద్దని, మసితోనే ఉంచి కారు తెమ్మని చెప్పాను. పాత కంపెనీ ప్లగ్గులు పారెయ్యకుండా ఉంటే అవి కూడా తెస్తానన్నాడు. గ్యాప్ కొలవాలి.